వార్ధక్యము - అవటుగ్రంథి
(యలమంచిలి వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)



మన సంఘముయొక్క వార్షిక మహాసభ ఈ యేడు యలమంచిలిలో సమావేశమగుట మాకెంతయు సంతోషకరము. కార్యదర్శిగారు తొలుత మాకు నిర్ణయించిన విషయము "వృద్ధులయెడ యువకుల ధర్మము" అనునది. ఆ విషయమునుగూర్చి ప్రతి మహాసభయందును ఎవరో యొకరు మాటలాడుచునే యున్నారు. వినవలసిన యువకులు మాత్రము ఆ సమయమున భోజనశాలయొద్ద నుందురు. కావున వారి యనుమతితో మేము విషయమును మార్చుకొంటిమి. ఈ పందిటిలో ముందువరుసల గూర్చున్నవారిలో నెక్కువమంది అఱువదియేండ్లు దాటినవారే. మన శరీరములనుగూర్చి మనమే మాటలాడుకొనుట మేలని తోచినది.

మేము వైద్యులము గాము. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములును, ధాతువులును, సమాసములును చెప్పినవారము. వైద్యులు వ్రాసిన గ్రంథములు చదివి, తెలియని చోట వైద్యులనే యడిగి, గ్రహించినంతవఱకు చెప్పుదుము. ఈ విషయమున మాకు శ్రద్ధ కలుగుటకు మా యింట జరిగిన రెండు సంగతులు కారణములు. మొదటిది మా అక్కగారిది. రెండవది మాదే.

మా అక్కగారు మాకన్న ఐదేండ్లు పెద్దవారు. డెబ్బదవయేటివఱకు ఇంటిలో ఏ పనియు ఒరులకు వదలినవారు గారు. ఆ యేట వారిలో మెల్లమెల్లగా మార్పు వచ్చినది. వైశాఖమాసపు టెండలలో గూడ దుప్పటి కప్పుకొని కూర్చుండెడివారు. గొంతు బొంగురుపోయినది. మొగము ఉబ్బినది. చర్మము పొడిబాఱి పొట్టు రాలుచుండెడిది. మలబద్ధకము పట్టినది. తులసికోటలో నీరు పోసితినా లేదాయని రెండుమాఱులు మూడుమాఱులు అడుగుచుండెడివారు. అడిగినదానికి బదులు చెప్పుటకు ఆలోచించి ఆలోచించి చెప్పెడివారు. "పెద్దతనము వచ్చినది, ఇక నింతే" అని యింటిల్లపాదియు ననుకొంటిమి. మేమును అనుకొంటిమి. అంతటితో నూరకుండక, ఆమె వినుచుండగనే చుట్టములయెదుట "అక్కకు మతిమఱుపు పట్టినది" అని నవ్వితిమి. ఆ నవ్వు తలచుకొనిన నేటికిని మాకు సిగ్గగుచున్నది.

ఎనిమిదినెల లిట్లు గడచినవి. మా యింటి కోడలొకతె ఆసుపత్రిలో ఉపచారిక. పండుగకు వచ్చి, అత్తగారి చేయిపట్టి నాడి చూచి, కనుబొమల వెలుపలికొనలు రాలిపోవుట గమనించి, మఱునాడే రక్తపరీక్షకు దీసికొనిపోయినది. థైరాయిడ్ గ్రంథి పనిచేయుట దాదాపు మానినదని తేలినది. వైద్యులు దినమునకు 25 మైక్రోగ్రాముల మాత్రతో నారంభించి, ఆఱేసి వారముల కొకమాఱు రక్తము చూచి, కొంచెము కొంచెముగా పెంచిరి. ఐదవనెలలో ఒకనాటి ప్రొద్దున మేము వీధియరుగుమీద స్తోత్రము చదువుకొనుచుండగా లోపలినుండి "ఒరే తమ్ముడూ, ఒక పాదం మింగేశావురా" అని కేక వినబడినది. మింగిన మాట నిజమే.

ఎనిమిదినెలలు మేము ఆమెను వార్ధక్యమునకు వదలిపెట్టితిమి. ఆమెకు పట్టినది వార్ధక్యము గాదు. దీనినిబట్టి ఏది వయస్సు, ఏది రోగము అని తెలిసికొనవలెనను పట్టుదల మాకు కలిగినది.

ఈ గ్రంథి గొంతు ముందుభాగమున, శ్వాసనాళమున కిరుప్రక్కల, సీతాకోకచిలుక ఱెక్కలు విప్పి వ్రాలినట్లు అంటుకొనియుండును. పెద్దవారియందు దీని బరువు 15 మొదలు 20 గ్రాములవఱకు నుండును. మన పాఠ్యపుస్తకములలో దీనిని అవటుగ్రంథి యని వ్రాయుచున్నారు. అమరకోశము చదివినవారి కీ పేరు కొంత నవ్వు తెప్పించును. అవటువనగా మెడయొక్క వెనుకభాగము; గ్రంథియో ముందున్నది. పేరుపెట్టిన పండితుడు రోగిని వెనుకనుండి చూచెనేమో! 1656వ సంవత్సరమున థామస్ వార్టన్ అను ఆంగ్లవైద్యుడు డాలు అని యర్థమిచ్చు గ్రీకుమాటనుండి దీనికి థైరాయిడ్ అని పేరిడెను. లోకమందఱును ఆ పేరే వాడుచున్నారు గావున మేమును వాడుదుము. అయితే "ఫలానా ఆవిడకు థైరాయిడ్ ఉన్నదట" యని జాలిపడి చెప్పుకొనుట మాత్రము మానవలెను. థైరాయిడ్ అందఱికిని ఉన్నది. లేనిచో బ్రతుకలేము.

మన పూర్వులు ఈ గ్రంథి వాచినప్పుడు కనబడు రూపమును ఎఱుగుదురు. సుశ్రుతసంహితలోని నిదానస్థానమున గళగండము చెప్పబడియున్నది. కాని ఆ గ్రంథి లోపల ఏమి చేయుచున్నదో పంతొమ్మిదవ శతాబ్దము చివఱివఱకు ఏ దేశమువారికిని తెలియదు. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరమున జార్జి మఱ్ఱే యను వైద్యుడు, అచ్చముగా మా అక్కగారివలెనే మొగముబ్బి, మాట మందగించిన యొక నలువదియాఱేండ్ల స్త్రీకి గొఱ్ఱెల థైరాయిడ్‌నుండి తీసిన రసమును సూదితో నెక్కించెను. ఆమె తేఱుకొని మఱి 28 ఏండ్లు జీవించి, 1919లో డెబ్బదినాలుగవయేట మరణించెను. ఆ 28 ఏండ్లలో ఆమె నిమిత్తము 870కి మించిన గొఱ్ఱెల గ్రంథులు కావలసివచ్చినవట. 1914వ సంవత్సరము క్రీస్తుజయంతినాడు అమెరికాలో ఎడ్వర్డు కెండాల్ ఆ రసములోని సారమగు థైరాక్సినును స్ఫటికరూపమున వేఱుచేసెను. 1927 నాటికి హారింగ్టన్, బార్జర్ అనువారు దానిని ప్రయోగశాలలోనే తయారుచేసిరి. నేడు మా అక్కగారు మ్రింగు మాత్ర యదియే. ఏ గొఱ్ఱెకును బాధలేదు.

ఇక నిది పనిచేయు విధము. ఇది కొంచెము శ్రద్ధగా వినవలెను. వృద్ధాప్యమున జరుగు మార్పంతయు దీనిలోనే యున్నది.

థైరాక్సినును గాదెలోని వడ్లనుగా భావింపుడు. దానిలో నాలుగు అయొడిన్ పరమాణువు లుండుటచే దానికి టీ-4 అని పేరు. వడ్లు ఎవరును తినరు. దంచి బియ్యము చేసికొనవలెను. టీ-4 నుండి ఒక అయొడిన్ పరమాణువును తీసివేసిన టీ-3 యగును. అదియే బియ్యము. 1952లో లండనులో గ్రాస్, పిట్-రివర్స్ అను వారిరువురు ఈ టీ-3ని కనుగొనిరి. శరీరములోని టీ-3లో సుమారు అయిదింట నాలుగుపాళ్ళు గ్రంథిలో పుట్టినది గాదు. కాలేయము, కండలు మొదలగు అవయవములు ఎవరి వడ్లను వారు తమ యింట దంచుకొన్నట్లు తయారుచేసికొన్నదే. దంచెడి రోకళ్ళు సెలీనియమను ధాతువుగల కొన్ని ఎంజైములు. దంపు తప్పుదారి పట్టి వేఱొక అయొడిన్ పరమాణువు ఊడిపోయినచో వచ్చునది తలక్రిందుల టీ-3. అది ఊకవంటిది, కడుపు నింపదు. బియ్యమగు టీ-3 కణములోని కేంద్రకము చొచ్చి, అక్కడనున్న గ్రాహకములను పట్టుకొని, ఏయే పనులు ఎంత వేగముగా జరుగవలెనో ఆజ్ఞ యిచ్చును. గుండె కొట్టుకొనుట, వేడి పుట్టుట, ప్రేగులు కదలుట, కొవ్వు కరుగుట, ఎముక అరిగి మరల కట్టుకొనుట, మనస్సు చుఱుకుగా నుండుట, ఇవియన్నియు ఆ యాజ్ఞకు లోబడినవే.

గాదెనుండి వడ్లు ఎంత తీయవలెనో నిర్ణయించునది మెదడు అడుగున వ్రేలాడు పీయూషగ్రంథి. అది పంపు ఆజ్ఞాపత్రికయే టీఎస్‌హెచ్. రక్తపరీక్షలో ముందుగా చూచునది దానినే. దీనినిగూర్చి చదువుకొన్నవారుకూడ పొరబడుచున్నారు. టీఎస్‌హెచ్ ఎక్కువగా నున్నదన్న థైరాయిడ్ ఎక్కువగా పనిచేయుచున్నదని యర్థము గాదు. తక్కువగా పనిచేయుచున్నదని యర్థము. మేము బడిపంతుళ్ళము గనుక మాకిది సులభముగా తెలిసినది. తరగతిలో పిల్లలు చదువుచున్నచో ప్రధానోపాధ్యాయుని గొంతు వినబడదు. చదువకున్నచో వీధివఱకు వినబడును. టీఎస్‌హెచ్ ఆయన గొంతు. మా అక్కగారి రక్తములో అది 86 ఉండెను. పడుచువారికి సాధారణముగా నుండవలసినది 4కు లోపు.

వయస్సు మీఱినకొలది ఇందులో ఏమి మాఱును?

మొదట గాదెనుండి బయటికి వచ్చు వడ్లు తగ్గును. పడుచువయస్సులో గ్రంథి దినమునకు ఉత్పత్తిచేయు టీ-4లో ఎనుబదియేండ్లనాటికి ఇంచుమించు నాలుగవవంతు తగ్గిపోవును. ఇది వినగానే "అయితే మాకు లోటు వచ్చినట్లే గదా, మాత్ర వేయుడు" అని తొందరపడకుడు. రెండవ సంగతి వినుడు. వృద్ధశరీరమునకు ఖర్చుకూడ తగ్గును. పడుచువాని రక్తములో చేరిన టీ-4లో సగము తఱుగుటకు సుమారు 7 దినములు పట్టును. ఎనుబది దాటినవారికి 9 దినములకు పైగా పట్టును. ఆదాయము తగ్గినది, వ్యయమును తగ్గినది. అందుచే నిలువ మారదు. ఆరోగ్యవంతుడగు వృద్ధుని రక్తములో టీ-4 పడుచువానికున్నంతయే యుండును. పింఛను మీద బ్రతుకు మావంటివారికి ఈ లెక్క ఎవరును నేర్పనక్కఱలేదు.

మూడవది దంపునకు సంబంధించినది. రోకళ్ళు మందగించును. టీ-3 కొంత తగ్గును, ఊకవంటి తలక్రిందుల టీ-3 కొంత పెరుగును. జ్వరము వచ్చినను, నిరాహారముగా నున్నను, శస్త్రచికిత్స జరిగినను ఏ వయస్సువారికైన నిట్లే యగును. శరీరము కష్టకాలమున పొదుపుచేయు విధమిది. కావున ఆసుపత్రిలో వేఱొక జబ్బుతో పడుకొనియున్న ముసలివారికి థైరాయిడ్ పరీక్ష చేసి, ఆ కాగితము చూచి బెదరుట తగదు. కోలుకొన్న కొన్ని వారములకు మరల చూడవలెను.

నాలుగవది అన్నిటికన్న సూక్ష్మము. ఆజ్ఞ అంతే వచ్చినను, అవయవములు దానిని వినుటలో భేదము కలుగును. అన్ని అవయవములును ఒకేరీతిగా చెవుడు తెచ్చుకొనవు. ముదిసిన ఎలుకలకు ఈ హార్మోనును ఇచ్చి చూడగా, పడుచు ఎలుకల కాలేయములో పెరిగిన కొన్ని ఎంజైములు వానిలో అంతగా పెరుగలేదు. మనుష్యులలోను వయస్సుతోబాటు కండ తగ్గును గనుక, హార్మోను చాలినంత యున్నను పుట్టెడి వేడి తగ్గును. ధనుర్మాసమున మనుమడు చొక్కా విప్పి తిరుగుచుండగా తాతగారు శాలువ కప్పుకొనుటకు థైరాయిడే కారణమని యనుకొననక్కఱలేదు. తాతగారికి కండ లేదు, అంతే. గుండె సంగతి యిందుకు విరుద్ధము. ముసలిగుండె ఈ హార్మోను ఏ కొంచెము ఎక్కువైనను సహింపదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పురమున అఱువది దాటినవారిని పదేండ్లు గమనించి 1994లో ప్రకటించిన పరిశోధనలో, టీఎస్‌హెచ్ మిక్కిలి తగ్గినవారికి, అనగా హార్మోను అధికముగా నున్నవారికి, గుండె లయతప్పి కొట్టుకొను జబ్బు ఇతరులకన్న మూడురెట్లు వచ్చినది. ఆ జబ్బువలన రక్తపుగడ్డ మెదడునకు పోయి పక్షవాతము రావచ్చును. ఎముకలును అంతే. హార్మోను మితిమీఱినచో ముట్లుడిగిన స్త్రీల యెముకలు త్వరగా గుల్లబాఱును.

చూచితిరా! ఒకే వ్యక్తిలో ఒక అవయవము తక్కువ వినుచున్నది, మఱియొకటి గుసగుసకే ఉలికిపడుచున్నది. కావుననే వృద్ధులకు ఈ మాత్ర ఇచ్చుటలో వైద్యులు అంత జాగ్రత్తపడుదురు.

ఇక ప్రధానోపాధ్యాయుని గొంతు. అమెరికాలో 1988 మొదలు 1994 వఱకు జరిగిన యొక గొప్ప ఆరోగ్యగణనలో వేలకొలది జనుల రక్తమును పరీక్షించిరి. థైరాయిడ్ జబ్బులేని వారిని మాత్రమే యెంచి చూడగా, వయస్సుతోబాటు టీఎస్‌హెచ్ పైకి జరుగుచున్నదని తేలినది. ఎనుబది దాటిన ఆరోగ్యవంతులలో పైహద్దు సుమారు 7.5 వఱకు పోయినది. పడుచువారి హద్దు 4తో దీనిని పోల్చి చూడుడు. నెదర్లాండ్స్ దేశములోని లైడెన్ నగరమున ఎనుబదియైదు నిండినవారిని కొన్నియేండ్లు గమనించి 2004లో ప్రకటించిన పరిశోధన యింకను ఆశ్చర్యకరము. టీఎస్‌హెచ్ ఎక్కువగా నుండి, మాత్రలు వేసికొననివారు తక్కువగా చనిపోయిరి. వారి జ్ఞాపకశక్తి, నడక, ఇంటిపనులు ఇతరులకన్న తీసిపోలేదు.

దీనికి కారణమేమని పండితులు పలువిధముల చెప్పుచున్నారు. ముదిసిన గ్రంథి ఆజ్ఞను మెల్లగా వినునని కొందఱు, పీయూషగ్రంథియే తన కొలతను మార్చుకొనునని కొందఱు. నిదానముగా మండు దీపము ఎక్కువసేపు వెలుగునన్నట్లు ఇది శరీరము చేసికొన్న పొదుపేమోయని మఱికొందఱు. మా మనస్సు మూడవదానివైపు మొగ్గుచున్నది. అది మా వయస్సు చూపు పక్షపాతము కావచ్చును.

2017లో ఐరోపాఖండమున నాలుగు దేశములలో అఱువదియైదు దాటిన 737 మందిని తీసికొని, టీఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువయై టీ-4 సరిగా నున్నవారిలో సగముమందికి థైరాక్సిను మాత్రయు, సగముమందికి ఉత్తమాత్రయు ఇచ్చిరి. ఎవరికేది యిచ్చిరో రోగికిని తెలియదు, వైద్యునకును తెలియదు. ఏడాది గడచిన తర్వాత అలసటలో గాని, ఇతర బాధలలో గాని రెండువర్గములకు భేదము కనబడలేదు.

ఈ పరిశోధన ప్రకటింపబడిన తరువాతనే మా రెండవ సంగతి జరిగినది. మాకు అఱువదియాఱేండ్లప్పుడు ఒక ఉచిత రక్తపరీక్షా శిబిరమున టీఎస్‌హెచ్ 6.1 అని వచ్చినది. అక్కగారి యనుభవము కండ్లయెదుట నున్నది గదా! మేము బెదరి, ఒక పట్టణమున నొక వైద్యునియొద్దకు పరుగెత్తితిమి. ఆయన కాగితము చూచెను, మమ్ము చూడలేదు. మొదటిదినమునుండియే 100 మైక్రోగ్రాముల మాత్ర వ్రాసెను. మూడువారములకు నిద్ర చెడినది. అక్షరములు వ్రాయుచుండగా చేయి వణకసాగినది. ముప్పదియైదేండ్లు నల్లబల్లమీద గుండ్రముగా వ్రాసిన చేయి! రెండవ నెలలో గుండె దడదడలాడి, ఒకరాత్రి మంచముమీద కూర్చుండియే తెల్లవార్చితిమి. వేఱొక వైద్యుడు నాడి చూచి, గుండెపరీక్ష చేయించి, మాత్ర మానిపించెను. రెండునెలల తర్వాత టీఎస్‌హెచ్ 5.4, టీ-4 సరిగానే యున్నది. "ఏడాదికొకమాఱు చూతము, ఇప్పుడేమియు వలదు" అనిరి. నేటికిని మేము ఏ మాత్రయు వేసికొనుట లేదు.

తప్పు ఆ వైద్యునిది మాత్రమే యనము. మాలో యయాతి యున్నాడు. శుక్రుని శాపముచే వచ్చిన ముసలితనమును కొడుకు పూరునిపై బెట్టి యౌవనము పుచ్చుకొన్న యా మహారాజువలె, మేమును ఒక మాత్రతో పదేండ్లు వెనుకకు పోవచ్చునని లోలోపల ఆశపడితిమి. మెట్లెక్కునపుడు ఆయాసము, సాయంకాలపు బడలిక, ఇవన్నియు ఆ 6.1 వలననే యనుకొంటిమి. కావు. అవి మా వయస్సువి.

మా అక్కగారిని వయస్సని వదలిపెట్టితిమి, అది రోగము. మమ్ము రోగమని మందులో ముంచుకొంటిమి, అది వయస్సు. ఒకే యింట, రెండేండ్ల వ్యవధిలో రెండు తప్పులును చేసితిమి.

హార్మోను ఎక్కువయినప్పుడుకూడ ముసలివారిలో జబ్బు వేషము మార్చుకొని వచ్చును. పడుచువారైనచో కండ్లు మెఱయును, చెమటలు పోయును, చిఱాకు, ఆకలి హెచ్చును. వృద్ధులలో అవి యేవియు లేకుండ, ఊరక చిక్కిపోవుట, అన్నము సహింపకుండుట, మూలకు కూర్చుండి మౌనముగా నుండుట, గుండె లయతప్పుట మాత్రమే కనబడవచ్చును. ఇంటివారు మనోవ్యాధి యనుకొందురు, లేదా కడుపులో పుండు అనుకొందురు.

ఈ సందర్భమున మన ప్రాంతపు సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఇచ్చటినుండి నర్సీపట్నము మీదుగా చింతపల్లి మన్యమునకు పోయినవారు అక్కడి గ్రామములలో గొంతువాపుగల ముసలివారిని చూచియుందురు. కొండనేలలో వానలకు అయొడిన్ కొట్టుకొనిపోవుటచే అది తిండిలో చాలదు. చాలనప్పుడు గ్రంథి వాచును. ఈ లోపమును ఉప్పుతో తీర్చవచ్చునని మన దేశమున చూపినవారు మన ఉత్తరాంధ్రమువారే యని ఎందఱికి తెలియును? వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివినవారు. 1956 మొదలుకొని హిమాలయపాదమునగల కాంగ్రాలోయలో సుమారు లక్షమంది ప్రజలున్న ప్రదేశమును మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి ఉత్త ఉప్పును పంపించిరి. కొన్నియేండ్లకు అయొడిన్ ఉప్పు తిన్నచోట పిల్లల గొంతువాపు బాగుగ తగ్గినది. పిమ్మట మూడవ మండలమునకును ఆ యుప్పే యిచ్చిరి. 1962లో దేశమంతట గళగండ నివారణ పథకము వెలసినది. వారు పిదప ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థకు అధిపతులై 2001లో దివంగతులైరి. మన సభల వేదికలపై నుంచు పటములలో వారి పటమొకటి ఉండదగినది.

అయితే ముసలివారి విషయమున నిందులోను ఒక మెలిక కలదు. చిన్ననాటినుండి గొంతువాపుతో పెరిగినవారి గ్రంథిలో వయస్సుమీఱినకొలది గడ్డలు కట్టును. ఆ గడ్డలలో కొన్ని ప్రధానోపాధ్యాయుని మాట లెక్కచేయక స్వతంత్రించి పనిచేయుట మొదలిడును. అట్టివారికి ఒక్కసారిగా అయొడిన్ ఎక్కువగా చేరినచో హార్మోను మితిమీఱి పుట్టవచ్చును. ఇంటియుప్పులో నుండునది కొలది. దానివలన భయపడి మానుకొనవలదు. నేటి నిబంధన ప్రకారము ఇంటికి చేరిన ఉప్పులో పదిలక్షలపాళ్ళకు 15 పాళ్ళకు తక్కువకాకుండ అయొడిన్ ఉండవలెను. గుండెనాళములను చూచుటకు ఎక్కించెడి రంగుమందులోను, గుండెలయకు ఇచ్చు అమియోడరోన్ అను మాత్రలోను అయొడిన్ అపారముగా నుండును. మెడలో పాతగడ్డ యున్నవారు ఆ సంగతి ముందే వైద్యునితో చెప్పవలెను. మన పెద్దలు చెప్పరు. "అది ఎప్పటినుంచో ఉన్నది, దానికీ గుండెకూ ఏమి సంబంధము" అందురు.

మాత్ర నిజముగా కావలసినవారికి రెండుమూడు మాటలు. ఉదయమున పరగడుపున ఉత్తనీటితో మ్రింగవలెను. పిదప అరగంట మొదలు గంటవఱకు ఏమియు తినరాదు. కాఫీకూడ తినుటక్రిందికే వచ్చును. ఈ మాట మా యింట నాకును మా అక్కగారికిని పెద్ద వివాదమునకు కారణమయ్యెను. రక్తము పట్టుటకు వేసికొను ఇనుపమాత్ర, ఎముకలకు వేసికొను కాల్షియము మాత్ర దీనితో కలిసినచో దీనిని ఒంటపట్టనీయవు, నాలుగుగంటల యెడముండవలెను. జుట్టు రాలకుండుటకని బయోటిన్ మాత్రలు వేసికొనువారు రక్తపరీక్షకు రెండుదినములు ముందుగా మానవలెను. మానకున్నచో పరీక్షాఫలితమే తప్పుగా వచ్చును. గుండెజబ్బున్న వృద్ధులకు వైద్యులు 12.5 లేక 25 మైక్రోగ్రాములతోనే మొదలిడుదురు. వేగముగా పెంచుడని మీరు తొందర పెట్టకుడు. నిండుగా జబ్బున్నవారు కొంచెము నయము కాగానే మానకుడు. మా అక్కగారివలె గ్రంథి పూర్తిగా ఎండినవారికి ఆ మాత్ర యావజ్జీవమును కావలసినదే.

దాతలతో ఒక మనవి. మన సంఘము వసతిగృహములకును, పిల్లల చదువులకును ధనము వెచ్చించుచున్నది; వెచ్చింపవలసినదే. నేడు మన పల్లెలలో చాలయిండ్లలో బిడ్డలు విశాఖపట్టణమునను హైదరాబాదునను విదేశములను నుండగా ముసలివారిరువురే, లేక యొక్కరే మిగిలియున్నారు. వారి గొంతు బొంగురుపోయినదని గమనించువారు లేరు. ఫోనులో ఆ గొంతు వినుచున్న కొడుకు "అమ్మకు జలుబు చేసినది" అనుకొనును. ముసలివారందఱికిని పరీక్ష చేయింపుడని మేము కోరము. అట్లు చేసిన మావంటివారెందఱో అనవసరముగా మాత్రలపాలగుదురు. లక్షణములు గలవారిని కనిపెట్టి, కింగ్ జార్జి ఆసుపత్రివంటి చోటికి తీసికొనిపోవు మనిషి కావలెను. ప్రతి గ్రామశాఖలోను ఒక చదువుకొన్న పిల్ల గాని పిల్లవాడు గాని నెలకొకమాఱు ఒంటరి వృద్ధుల యిండ్లకు పోయి పది నిమిషములు కూర్చుండి మాటలాడివచ్చినచో చాలును. చలి, మలబద్ధకము, బొంగురుగొంతు, మందమైన నాడి, క్రొత్తగా వచ్చిన మతిమఱుపు, కారణములేని చిక్కుట, గుండెదడ, వీనిలో రెండుమూడు కలిసియున్నవారి పేర్లు వ్రాసికొనవలెను. వారి ప్రయాణపు ఖర్చును, రక్తపరీక్ష ఖర్చును సంఘనిధి భరింపవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాము. మందు ఖర్చు స్వల్పమే. ఈ తీర్మానమును కార్యవర్గము రేపటి సమావేశమున పరిశీలింపగోరుచున్నాము.

(ఉపన్యాసానంతరము సభ్యులు కొన్ని ప్రశ్నలడుగగా ఇచ్చిన సమాధానములు.)

క్యాబేజీ, కఱ్ఱపెండలము తినరాదందురు, నిజమేనా యని ఒక పెద్దమనుష్యు డడిగిరి. వానిలో అయొడిన్‌ను అడ్డగించు పదార్థము లున్న మాట నిజము. అయొడిన్ ఉప్పు వాడుచు, ఉడికించి, అందఱివలె తినువారికి బాధలేదు. మూడుపూటలు దానినే తినువారి సంగతి వేఱు.

తమకు డెబ్బదియెనిమిదేండ్లనియు, టీఎస్‌హెచ్ 5.8 ఉన్నదనియు, ఏమి చేయవలెననియు మఱియొకరు అడిగిరి. మేము వైద్యులము గాము గనుక వైద్యునే యడుగుమంటిమి. రెండు మూడు నెలల తర్వాత మరల పరీక్షింపవచ్చునాయనియు, టీ-4 ఎంత యున్నదనియు, తమ వయస్సునకు ఆ సంఖ్య ఎక్కువయే యగునాయనియు, ఈ మూడు ప్రశ్నలు వ్రాసికొని పొమ్మంటిమి.

స్త్రీల వరుసనుండి ఒక ముత్తైదువ, ఏకాదశీవ్రతము చేయువారు ఆ యుదయమున మాత్ర మ్రింగవచ్చునా, వ్రతభంగమగునా యని ప్రశ్నించిరి. ఈ మాత్రకు పరగడుపే శ్రేష్ఠము గనుక ఉపవాసమునకు ఇంతకన్న అనువైన మందు మఱి లేదు. ఒకదినము మఱచినను వెంటనే ఉపద్రవమేమియు రాదు. అది శరీరములో వారమునకు పైగా నిలుచునని ముందే చెప్పియుంటిమి. అయినను మఱచుట అలవాటు కారాదు. మా అక్కగారు ఏకాదశినాడు తులసితీర్థముతోనే మ్రింగుచున్నారు.